ఏడో గడి

ఆవిరి యంత్రం మూత బిగించి మీట నొక్కి, యాభై నిమిషాలు పడుతుంది సార్ అని చెప్పి, ఆమె చేతి తొడుగులు తీసి పసుపు డబ్బాలో వేసింది. యాభై నిమిషాలంటే పదకొండుకి పది నిమిషాలు తక్కువ. పదకొండుకి ఈ రోజు మొదటి మనిషి వస్తాడు, పన్నెండు లోపల నా రిపోర్టు ఆఫీసుకి చేరాలి. అంటే ఈ పచ్చబొట్ల దుకాణం రేపటి నుంచి ఉంటుందా ఉండదా అన్నది ఆ యంత్రంలో నీళ్ళు కాగి చల్లారేలోపు నా పెన్నులోంచి రావాలి. మా ఇన్సూరెన్సు కవరు లేకపోతే లైసెన్సు ఉండదు, లైసెన్సు లేకపోతే ఆ గాజు తలుపు తెరవడానికి వీల్లేదు, తలుపు తెరవకపోతే సూదక్క అని ఊరందరూ పిలిచే ఈ మనిషి పదమూడేళ్ళుగా చేత్తో నేర్చుకున్నది చేతిలోనే ఉండిపోతుంది. నేను ఇన్సూరెన్సు కంపెనీ తరఫున చోట్లు చూసి, ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో రాసిచ్చే సర్వేయరుని. ముప్పై ఒక్క ఏళ్ళుగా పిండిమరలు చూశాను, బాయిలర్లు చూశాను, సినిమా హాళ్ళలో మెట్ల కింద తాళం వేసి ఉన్న అత్యవసర ద్వారాలు చూశాను, సూదులు మాత్రం ఈ నాలుగేళ్ళ నుంచే. కూర్చోండి సార్ అని ఆమె కుర్చీ చూపించి, నేనేమీ అనకముందే ఫ్యాను మొహాన్ని నా బట్టతల మీంచి కాస్త పక్కకి తిప్పింది. ఇలాంటివి రిపోర్టులో రాయడానికి గడి ఉండదు.

యంత్రం గుర్రుమంటోంది, నిద్రలో ముసలాయన గొంతు సవరించుకున్నట్టు. గది చిన్నదే. మధ్యలో పడక కుర్చీ, దాని మీద పల్చటి ప్లాస్టిక్ పొర, మనిషి మారినప్పుడల్లా పొర మారుస్తుంది, నిన్నటి పొర తాలూకు ముక్క కూడా ఎక్కడా అంటుకుని లేదు, చూశాను. గోడకి చేతులు కడుక్కునే సింకు, మోచేత్తో తిప్పే కొళాయి. సీసాల మీద రంగు ఏ తేదీన తెరిచిందో చిన్న కాగితం ముక్కల మీద రాసి అంటించింది. సూది పొట్లాలు వచ్చినవాళ్ళ ఎదురుగానే చింపుతుంది, చింపిన పొట్లం మీది నంబరు వాళ్ళ ఫారానికి పిన్ను కొడుతుంది. ఇవన్నీ నా జాబితాలో ఉన్నవే, అన్నిటికీ టిక్కు పడింది, ఒక్కదానికి తప్ప. నా ఒళ్ళో ఉన్న ఫైల్లో ఇక్కడ పచ్చబొట్టు వేయించుకున్న ఒక లెక్కల టీచరు ఫారం ఉంది. పేరు, వయసు, మధుమేహం లేదు, రక్తం పలచబడే మందులు లేవు, ఐదు, ఆరు, ఆ తర్వాత ఏడు. పచ్చబొట్టు వేసే చోట చర్మానికి ఇంతకు ముందు ఏదైనా చికిత్స జరిగిందా. దాని పక్క గడిలో రెండక్షరాలు రాసి కొట్టేసిన గీత ఉంది, అంతకు మించి ఏమీ లేదు. కింద సంతకం ఉంది, తేదీ ఉంది. సంతకమైన పదకొండో రోజున ఆ చర్మం చీము పట్టి టీచరు ఐదు రోజులు ఆసుపత్రిలో ఉంది. ఇప్పుడు నయమైంది, కానీ ఆవిడ అన్నగారు కంప్లైంటు పెట్టాడు, ఆడమనిషిని పట్టుకుని ఏమీ అడక్కుండానే సూదులు పొడిచేశారని. గడి ఖాళీగా ఉంది గనక ఆయన మాటకి కాగితం సాక్ష్యం చెబుతోంది.

వచ్చీ రాగానే అడిగాను, ఎందుకు ఖాళీ అని. ఆమె తడుముకోలేదు.

"ఆవిడ నాకు చెప్పింది సార్. అక్కడ గడ్డకి కరెంటు పెట్టారని, ఏడాది దాటిందని, డాక్టరు పర్లేదన్నాడని అన్నీ చెప్పింది. రాయమన్నాను. రెండక్షరాలు రాసి చెయ్యి ఆపేసింది. కొట్టేసింది. ఏడవలేదు, నవ్వింది, అదే కష్టంగా ఉంది నాకు. కరెంటుకి గుర్తుగా పొడిచిన ఆ చుక్కలు కనపడకుండా చేయించుకోడానికొచ్చిన మనిషి సార్, మళ్ళీ ఆ మాటే నా కాగితం మీద రాయమంటే ఎట్లా. వదిలేయండి మేడమ్ అన్నాను. నేనే అన్నాను."

"డాక్టరు చీటీ తెమ్మన్నావా అమ్మా?"

"అనలేదు. అనాల్సింది."

"ఆ గడి తర్వాత నువ్వే నింపేసి ఉండొచ్చుగా. ఫారం నీ దగ్గరే ఉంది."

"ఉండొచ్చు," అంది. "పెన్ను కూడా అదే పెన్ను."

అంతే అని వెళ్ళి నీళ్ళ తొట్టి తుడవడం మొదలుపెట్టింది. నేను ఎక్కువ మందిని చూసింది వేరేలా, వాళ్ళు నేను రాకముందే అన్ని గడులూ నింపి, సిరా ఆరిపోయిందా లేదా అని వేలితో తడిమి చూసుకుని ఉంటారు.

ఫోను మోగింది. మేనేజరు. నా చేతి కింద పని నేర్చుకుని నా పైకి వెళ్ళినవాడు, అందుకే ఇప్పటికీ గురువుగారూ అంటాడు, అనే తీరులో కొంచెం ఉప్పూ కొంచెం కారం ఉంటాయి.

"గురువుగారూ, ఇంకా అక్కడే ఉన్నారా? మీరూ ఒకటి పొడిపించుకుంటున్నారా ఏంటి?"

"యంత్రం ఇంకా అవలేదు."

"యంత్రం సంగతి వదిలేయండి. ఏడో గడి ఖాళీ, అంతేగా. కస్టమరు చికిత్స సంగతి దాచింది అని రాయండి. ఒక్క ముక్క. దుకాణం తప్పు లేదు, కవరు నిలుస్తుంది, అన్నగారి కంప్లైంటు పడిపోతుంది, అందరికీ హాయి."

"ఆవిడ దాచలేదయ్యా. చెప్పింది."

"కాగితం మీద చెప్పలేదుగా. దుకాణానికి తెలిసీ నింపలేదని రాస్తే నేను ఇవాళే కవరు రద్దు చెయ్యాలి, ఆ అమ్మాయి షట్టరు దించుకోవాలి. రెండిట్లో ఏది మంచిదో మీకు నేను చెప్పాలా?"

చెప్పక్కర్లేదు. ఫోను పెట్టేశాక కూడా ఆ మాట చెవిలో ఉండిపోయింది, దాచింది. నున్నటి మాట, గడిలో సరిగ్గా పడుతుంది, ముందూ వెనకా చోటు మిగలదు. ఎదురుగా గోడ మీద సూదక్క వేసిన బొమ్మల ఫోటోలు వరసగా ఉన్నాయి, చివరిది టీచరుది, మెడ కింద పక్క నుంచి దిగి భుజం వైపు తిరిగిన సన్నటి తీగ, ఆకులు చిన్నవి, గోరంత. మొహం లేదు ఫోటోలో. మూడు ఆకులు మిగతావాటి కంటే ముదురు రంగులో ఉన్నాయి, ఎందుకో నాకు తెలుసు. ఆ రంగు కింద చుక్కలున్నాయి. కరెంటు పెట్టేటప్పుడు కిరణం రోజూ ఒకే చోట పడాలని చర్మంలో పొడిచే చుక్కలు, ఆవగింజ కంటే చిన్నవి, నీలం, జన్మలో పోవు. మా ఆవిడకీ మూడుండేవి. ప్రెస్సులో ప్రూఫులు దిద్దే మనిషి, ఇరవై రెండేళ్ళు ఇతరుల తప్పుల మీద ఎర్ర సిరా పెట్టిన మనిషి. మొదటి రోజు లోపలి నుంచి బయటికొచ్చి పైట సర్దుకుంటూ అంది, ఏమండీ, వాక్యం అయిపోకముందే మూడు చుక్కలు పెట్టేశారు అని. నేను నవ్వాను, నవ్వాక గానీ అర్థం కాలేదు ఏమందో. లోపల చుక్కలు పెట్టిన అమ్మాయి ముట్టుకునే ముందు రెండు చేతులూ రుద్ది వెచ్చ చేసుకుందట, ఆ గది చల్లగా ఉంటుంది గదా, ఆ మాట మా ఆవిడ ఆ వారమంతా చెప్పింది. పాలవాడికి చెప్పింది, పక్కింటి పిన్నిగారికి చెప్పింది. జబ్బు సంగతి ఎవరికీ చెప్పలేదు, వెచ్చటి చేతుల సంగతి అందరికీ చెప్పింది. వింటున్నవాళ్ళకి ఏం అర్థమయ్యేదో. తర్వాత రోజుల్లో నేను ఆవిడ వీపు మీద నీళ్ళు పోసేటప్పుడు చుక్కల దగ్గర చెయ్యి తేలిక చేసేవాణ్ణి, అవి పోయేవి కాదని తెలిసీ, చెరిగిపోతాయేమో అన్నట్టు. పోనీలెండి రుద్దండి, గవర్నమెంటు ముద్ర, అదెక్కడికీ పోదు అనేది.

యంత్రం గొంతు మారింది, ఆవిరి పట్టుకుంది. ముల్లు మెల్లగా పైకి పాకుతోంది, దాన్ని చూస్తూ కూర్చోవడం నా పని, లోపల పెట్టిన పట్టీ మీది గీతలు నల్లబడితేనే సూదుల గొట్టాలు శుభ్రమైనట్టు. అంతవరకూ చూడండి అని ఆమె నా పక్కన ఒక లావుపాటి నోటుబుక్కు పెట్టి వెళ్ళింది. ప్రతి విడతకీ ఒక పట్టీ, జిగురుతో అంటించి, పక్కన తేదీ, సమయం. పేజీలు తిప్పాను. అన్నీ నల్లబడ్డ పట్టీలే ఉన్న నోటుబుక్కుని నేను నమ్మను, ముప్పై ఏళ్ళలో నేర్చుకున్నది అదొక్కటే. ఏ యంత్రమూ ఏడాది పొడుగునా తప్పు చేయకుండా ఉండదు, తప్పు లేని పుస్తకం అంటే ఒకే రోజు కూర్చుని రాసిన పుస్తకం. మార్చి నెల పేజీలో ఒక పట్టీ తెల్లగా ఉంది, సగం గీతలు గోధుమ రంగుకొచ్చి ఆగిపోయాయి. పక్కన గుండ్రటి అక్షరాల్లో రాసి ఉంది, మారలేదు, వాడలేదు, ఇద్దర్ని వెనక్కి పంపాను, ఒకాయన తిట్టాడు. ఆ ఆఖరి రెండు మాటలు మళ్ళీ చదివాను. ఎవరు అడిగారు, తిట్టాడని ఎందుకు రాయాలి? జరిగింది గనక రాసింది. ఇలాంటి మనిషి ఒక్క గడి దగ్గర ఆగిపోయిందంటే నిర్లక్ష్యంతో కాదు, ఎదురుగా ఉన్న మొహం చూసి. అది తప్పే. డాక్టరు చీటీ లేకుండా ఆ చర్మం మీద సూది పెట్టకూడదు, కరెంటు తగిలిన చర్మం మానడానికి రెట్టింపు రోజులు పడుతుంది, పైకి మామూలుగానే కనిపిస్తుంది, లోపల వేరు. నాకు తెలుసు, ఆ చర్మాన్ని నేను చేత్తో ఎరుగుదును.

తప్పు అని రాసేవాడికి తన తప్పు గుర్తురాకుండా ఉండే గది ఎక్కడైనా ఉంటే బాగుండును. మా వృత్తిలో ఒక అలవాటు ఉంది, బయటివాళ్ళకి తెలియదు. ఆరోగ్యం ఫారంలో ఇరవై ప్రశ్నలుంటాయి, గుండె జబ్బుందా, ఊపిరితిత్తులు ఎలా ఉన్నాయి, ఎక్కడైనా గడ్డ తగులుతోందా, ప్రతిదానికీ పక్కన రెండు గళ్ళు, అవును, కాదు. మేము ప్రశ్నలు అడగం. కాదు అన్న వరస పైన పెన్ను పెట్టి కింది దాకా ఒకే గీత లాగుతాం. ఇరవై ప్రశ్నలకి ఒకే గీత, రెండు సెకన్లు, ఆ తర్వాత ఇక్కడ సంతకం పెట్టండి. పని కొత్తలో మా పెద్దాయన నేర్పాడు, చెయ్యి వణక్కుండా లాగాలోయ్, వంకర పోతే మళ్ళీ ఫారం పాడు అని. నాది చాలా నిటారుగా వచ్చేది, స్కేలు పెట్టినట్టు. మేనేజరుకి నేర్పింది నేనే. ఒక సాయంత్రం మా వంటింటి బల్ల మీద ఇద్దరి పేర్లా కొత్త పాలసీ ఫారాలు, ముందు నాది లాగాను, తర్వాత మా ఆవిడది లాగాను. ఆవిడ స్నానాలగదిలోంచి తల తుడుచుకుంటూ వచ్చింది, వచ్చి బల్ల పక్కన నిలబడింది, మామూలుగా నిలబడేదాని కంటే కాసేపు ఎక్కువ. తువ్వాలు తల మీద ఆగిపోయింది. ఏంటి అన్నాను, తలెత్తకుండానే. ఫారం చూసింది, గీత చూసింది. ఏం లేదు, సంతకం ఎక్కడ అంది. పెట్టింది. తలుపుల సందులూ తాళాలు పడ్డ మెట్లూ మనుషుల తడబాట్లూ కనిపెట్టినందుకు నాకు జీతమిస్తారు, ఒక తువ్వాలు ఆగిన సంగతి నేను కనిపెట్టలేదు. ఐదు నెలల తర్వాత ఆసుపత్రిలో, చుక్కలు పెట్టించుకున్న వారానికి, కమలాపండు ఒలుస్తూ చెప్పింది. ఆ రోజు గడ్డ తగిలింది, మీకు చెబుదామనే వచ్చాను, మీరు గీసేశారుగా. నిష్ఠూరంగా కాదు, బస్సు వెళ్ళిపోయిందిగా అన్నట్టు. తొన మీది తెల్లటి నారలు తీసి మొదటి తొన నాకే ఇచ్చింది, నేను తిన్నాను, తీపిగానే ఉంది.

అక్కడితో అయిపోతే అదొక దుఃఖం. అయిపోలేదు. క్లెయిము పెట్టినప్పుడు మా కంపెనీ వాళ్ళే వచ్చారు, నాకు తెలిసిన మొహమే, వరండాలో పక్కకి పిలిచి మెల్లగా అడిగాడు, ఫారం మీ చేత్తో నింపారు గదా, ప్రశ్నలు ఒక్కొక్కటే అడిగారా అని. అడగలేదంటే నా ఉద్యోగం పోతుంది, మా ఇద్దరికీ ఆ ఉద్యోగమే మిగిలింది అనుకున్నాను, లేదా అనుకున్నానని తర్వాత అనుకున్నాను. అడిగాను అన్నాను. ఒక్క మాట. పది రోజులకి ఉత్తరం వచ్చింది, పాలసీదారు తనకు ముందే తెలిసిన విషయాన్ని దాచిపెట్టారు అని. మంచం మీద కూర్చుని కళ్ళజోడు పెట్టుకుని ఆవిడ ఆ ఉత్తరం మొత్తం చదివింది. పెన్సిలు అడిగింది. ఇచ్చాను. పై మూలన తేదీ తప్పు పడితే దాన్ని కొట్టి పక్కన సరైన తేదీ వేసింది, ఇంకేమీ దిద్దలేదు. ఉత్తరం మడిచి నాకిచ్చి, వీళ్ళకి ప్రూఫు చూసేవాళ్ళు లేనట్టున్నారు అంది. నన్ను ఏమీ అడగలేదు. అడిగుంటే చెప్పేవాణ్ణేమో. అడగకుండా వదిలేయడం కూడా ఆవిడ నాకు చేసిన ఉపకారమే అని చాలా కాలం అనుకుంటూ వచ్చాను. ఇప్పుడీ కుర్చీలో ఆ ఉపకారం మొయ్యలేని బరువుగా ఉంది. ఆవిడ పోయి ఆరేళ్ళయింది. మా కంపెనీ భూగర్భ గదిలో ఆవిడ పేరున్న ఫైల్లో ఆ మాట ఇప్పటికీ ఉంది, దాచిపెట్టారు. ప్రతి అక్షరం నిజమయ్యేదాకా నిద్రపోని మనిషి మీద.

యంత్రం కూత పెట్టింది. సూదక్క కొత్త తొడుగులు వేసుకుని మూత తిప్పింది, ఆవిరి ఒక్కసారి పైకి లేచి ఆమె మొహం కనపడకుండా పోయి, మళ్ళీ కనిపించింది. పట్టీ నా ముందు పెట్టింది. నల్లగా ఉంది, అన్ని గీతలూ. టిక్కు పెట్టాను. ఆమె చేతులు కట్టుకుని నిలబడింది.

"సార్, ఆవిడ దాచిందని మాత్రం రాయకండి," అంది. "మీ ఫోను మాటలు వినపడ్డాయి, ఇంత చిన్న గది. షట్టరు దించమంటే దించుతాను. ఆవిడ పిల్లలకి లెక్కలు చెప్పే మనిషి, తప్పు లెక్క చెప్పిందని ఊళ్ళో అనుకోకూడదు."

"కూర్చో అమ్మా. నిన్ను ఒక్కొక్కటే అడుగుతాను."

అడిగాను. టీచరుని నువ్వు అడిగావా. అడిగాను. ఏమంది. చెప్పింది మళ్ళీ, అంతా, మొదట చెప్పినట్టే, ఒక్క మాట పెరగలేదు తగ్గలేదు. ఒక్కో జవాబు అయ్యేదాకా పెన్ను బల్ల మీద పెట్టి ఉంచాను. ఇన్నేళ్ళ పనిలో నేను అలా చేసింది ఎన్నిసార్లో లెక్కపెట్టుకుంటే సిగ్గేసింది. తర్వాత రాశాను. అడిగారు, చెప్పారు, రాయించలేదు. కస్టమరు ఏమీ దాచలేదు. చీటీ అడక్కపోవడం దుకాణం తప్పు. ఇకమీదట చికిత్స జరిగిన చర్మానికి డాక్టరు చీటీ లేనిదే సూది ముట్టరాదు, కస్టమరు రాయలేకపోతే వాళ్ళు చెప్పింది దుకాణంవాళ్ళే రాసి చదివి వినిపించాలి. నియమం ప్రకారం ఇక్కడికి రాగానే కవరు రద్దవుతుంది. రద్దు వద్దనుకుంటే సర్వేయరు తన ఎరికలో ఉన్న కారణం రాసి, పూచీ పడి సంతకం చెయ్యాలి, దానికి ఆఖరి పేజీలో నాలుగు గీతల చోటుంది, ఎవరూ వాడరు. వాడాను. అడిగి ఖాళీగా వదిలిన గడి కంటే, అడక్కుండా నింపిన గడి పెద్ద ప్రమాదం, ఇది నేను స్వయంగా చేసి ఎరుగుదును అని రాసి, మా ఆవిడ పాలసీ నంబరు వేశాను. చూసుకోనక్కర్లేకుండానే వచ్చింది, పదకొండంకెలూ. సదరు పాలసీలో ప్రశ్నలు అడిగానని అప్పట్లో నేనిచ్చిన వాంగ్మూలం అబద్ధం. పాలసీదారు ఏదీ దాచలేదు. నేను అడగలేదు. సంతకం చేశాను. ఫోనుతో ఫోటో తీసి పంపాను.

మూడు నిమిషాల్లో మేనేజరు ఫోను చేశాడు. ఈసారి గురువుగారూ అనలేదు.

"ఈ నంబరు ఎవరిదండీ?"

"మా ఆవిడది."

అతని గదిలో ఎవరో ఫైలు పెట్టి వెళ్ళిన చప్పుడు వినపడింది.

"దుకాణం కవరు రద్దు కాదు," అన్నాడు చివరికి. "మీరు పూచీ పడ్డారు గదా. టీచరు ఆసుపత్రి క్లెయిము కూడా తీసుకోక తప్పదు. కానీ మీ ఫైలు తెరుస్తారు. రిటైర్మెంటుకి ఎనిమిది నెలలుంది మీకు. ఇంకా పైకి పంపలేదు నేను, ఆ పేజీ ఒక్కటి మార్చి పంపుతానంటే..."

"వద్దయ్యా. పంపించు."

"గురువుగారూ."

"తేదీ సరిగ్గా వేశానో లేదో చూసి పంపించు."

గాజు తలుపు తోసుకుని పదకొండు గంటల మనిషి వచ్చాడు, లారీ డ్రైవరు, ముంజేతి మీద కూతురి పేరు రాయించుకోవాలట. సూదక్క అతన్ని కూర్చోబెట్టి కొత్త ఫారం తీసింది. నేను నా సంచీ సర్దుకుంటున్నాను, ఆమె ఒకటో ప్రశ్న చదివింది, అతను ఏవో జోకులు వేస్తూ అన్నిటికీ లేదనే రాసేయక్కా అన్నాడు. ఆమె నవ్వలేదు, కసరలేదు. పెన్ను ఎత్తి పట్టుకుని అతను జవాబు చెప్పేదాకా ఆగింది.